పిడికెడు బియ్యము: బిషప్ అజరయ్య గారి జీవితమునుండి ఒక పాఠము

ధ్యానమునకు: 2 కొరింథీయులకు 8:1–15, మార్కు 12:41–44



కానుకలను గూర్చి మాటలాడవలసి వచ్చినప్పుడు గ్రామ సంఘ కాపరికి నోరు పెగలదు. ఎదుట చాపలమీద కూర్చున్నవారు ఏ దినపు కూలి ఆ దినమే తినువారు. వారిని ఇమ్మని అడుగుట ధర్మమా అని మనస్సు వెనుకకు లాగును. మేమును చాలకాలము అట్లే తలంచితిమి. ఆ తలంపు తప్పని మాకు నేర్పినవారు ఇద్దరు. ఒకరు మా సంఘములోని ముసలమ్మ. మరియొకరు మన తెలుగు దేశమున సేవచేసి 1945లో ప్రభువు నొద్దకు వెళ్లిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. మొదట ఆ మహనీయుని జీవితమును చూతము.

అజరయ్య గారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ పల్లె సంఘమునకు గురువు. చాలకాలము ప్రార్థించిన మీదట కలిగిన కుమారుడు గనుక, హన్నా కుమారుని తలంచుకొని శామ్యూలని పేరు పెట్టిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. సేవలో చేరెను. ఊరూర తిరుగుచు యౌవనస్థులకు వాక్యము బోధించెను. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వివాహమాడెను.

1902లో ఆయన సింహళ ద్వీపములోని యాఫ్నాకు వెళ్లెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను పోషించుట చూచి ఆయన హృదయము పొడవబడెను. తిరునెల్వేలి సంఘము నూరేండ్లకు పైబడినది. వేలకొలది విశ్వాసులు ఉన్నారు. అయినను పొరుగు దేశమునకు తనంతట తాను ఒక్క మిషనరీనైనను పంపలేదే అని దుఃఖించెను. ఇతరులు పెట్టగా తినుటకు అలవాటుపడిన బిడ్డ ఎన్నటికిని పెద్దవాడు కాడు. సంఘమును అంతే.

ఆ దుఃఖమునుండి 1903వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. దాని నియమము తేటయైనది: పనివారు ఈ దేశస్థులే, సొమ్ము ఈ దేశపు విశ్వాసులదే, నిర్వాహము ఈ దేశస్థులదే. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడుటలోను ఆయన ముఖ్యుడు.

తిరునెల్వేలివారు తమ మొదటి పొలముగా నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును ఏర్పరచుకొనిరి. అది నేటి తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. భాష వేరు, ప్రభుత్వము వేరు, ఎండలు గొప్పవి. కొంతకాలమునకు అజరయ్య గారికి ఒక ప్రశ్న ఎదురాయెను: డబ్బు ఇమ్మనియు, కుమారులను పంపుడనియు ఊరూర చెప్పుచున్న నేను ఎందుకు వెళ్లరాదు? దేశమంతట పేరున్న ఉద్యోగము విడిచి, 1909లో గురు అభిషేకము పొంది, భార్యతోను బిడ్డలతోను డోర్నకల్ చేరెను. ముప్పది దాటిన వయస్సులో తెలుగు నేర్చుకొని, ఎద్దుబండిమీద పల్లెలు తిరిగెను. తాను ఇయ్యనిదానిని పరులను అడుగలేదు. మాసిదోనియ సంఘములు మొదట తమ్మును తామే ప్రభువునకు అప్పగించుకొనెనని పౌలు వ్రాసిన మాట ఆయనయందు నెరవేరెను.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన లోక మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించెను. పాశ్చాత్య మిషనరీలు ఈ దేశమునకు చేసిన త్యాగమునకు కృతజ్ఞతలు చెప్పి, వారు స్నేహమును కూడ ఇయ్యవలెనని వేడుకొనెను. కొందరికి ఆ మాట నొప్పి కలిగించెను. అయినను అది సత్యము. ఇచ్చువాడు ఎత్తయిన పీటమీద కూర్చుండి, పుచ్చుకొనువాడు క్రింద చేయి చాచి నిలిచినంతకాలము ఆ ఈవి క్రీస్తు ఈవి కాదు. ప్రభువు ధనవంతుడై యుండియు మన నిమిత్తము దరిద్రుడాయెను గదా.

1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రలులో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి వయస్సు ముప్పదియెనిమిది. అధ్యక్ష మండలము మొదట చిన్నది; తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములును చేరి పెద్దదాయెను. ఆయన కాలములోనే విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

ఈ విశ్వాసులు ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. కామందు పొలములో పనిచేయువారు, అప్పులలో మునిగినవారు, ఊరి బావియొద్దకు రానియ్యబడనివారు. వీరిని కానుక అడుగరాదని దయగలవారు అనేకులు తలంచిరి. అజరయ్య గారు అట్లు తలంచలేదు. బీదవానికి అన్నము లేకుండ చేయుట ఒక అన్యాయము. ఇచ్చు గౌరవమును అతనికి లేకుండ చేయుట మరియొక అన్యాయము. తరతరములుగా చేయి చాచవలసినవాడు తన చేతితో దేవునికి ఇచ్చిన దినమున తల ఎత్తి నిలువగలడని ఆయన ఎరుగును.

డబ్బు లేనివారు ఏమి ఇయ్యగలరు? అన్నము వండునప్పుడెల్ల తల్లి ఎసటిలో బియ్యము పోయకముందు పిడికెడు తీసి ప్రభువు కుండలో వేయును. ఆదివారమున అది గుడికి వచ్చును. కోతపండుగకు వడ్లు, జొన్నలు, కోడి, గ్రుడ్లు, గుమ్మడికాయ, ఎవరికి కలిగినది వారు తెత్తురు. అతడు బాప్తిస్మము పొందువారికి ధనమును మాత్రమే గాక నోటిని కూడ ప్రభువునకు ఇయ్యవలెనని నేర్పెను. సువార్త ప్రకటింపకపోయిన నాకు శ్రమ అని తల మీద చేయి పెట్టుకొని ఒప్పుకొనవలెను. ఇట్టివారి మారిన బ్రదుకును చూచి, తరువాతి కాలమున ఇతర కులములవారును క్రీస్తునొద్దకు వచ్చిరి.

పరదేశపు సహాయమును ఆయన త్రోసివేయలేదు. పాఠశాలలకును ఆసుపత్రులకును అది వచ్చెను. అయితే కాపరిని పోషించుట, దీపము వెలిగించుట, ఆరాధన జరుపుకొనుట సంఘము తన భారముగా ఎంచుకొనవలెనని ఆయన ఆశ. కానుకలను గూర్చి పాత నిబంధన, క్రొత్త నిబంధన ఏమి బోధించుచున్నవో వివరించుచు ఇంగ్లీషులో ఒక చిన్న గ్రంథమును కూడ వ్రాసెను.

డోర్నకల్ కెథీడ్రలును చూచినవారు దానిని మరువలేరు. మసీదును పోలిన గుమ్మటములు, దక్షిణదేశపు దేవాలయములను తలపించు స్తంభములు, వాటి నడుమ సిలువ. ఇరువదియైదు సంవత్సరములకు దగ్గరగా పట్టిన ఆ కట్టడము 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన, ప్రభువు ప్రత్యక్షతా పండుగనాడు ప్రతిష్ఠింపబడెను. ఆరేండ్ల తరువాత, 1945 జనవరి 1వ తేదీన, బిషప్పుగారు డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. తాను ఎంతో ప్రయాసపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947లో నెరవేరినప్పుడు చూచుటకు ఆయన లేరు. విత్తువాడొకడు, కోయువాడొకడు.

ఇప్పుడు మా ముసలమ్మ సంగతి. మేము ఈ సంఘమునకు వచ్చిన మొదటి సంవత్సరములో కానుకల సంచిని త్వరత్వరగా త్రిప్పించెడివారము. మందిరపు కప్పు కారుచుండగా, పట్టణములోని స్నేహితులకు ఉత్తరములు వ్రాసితిమి గాని సంఘముతో ఒక్క మాట చెప్పలేదు. ఒక ఆదివారము సాయంకాలము, మిరపకాయల కోతకు పోయి బ్రదుకు ఒక విధవరాలు చిన్న మూటతో మా యింటికి వచ్చెను. మూటలో బియ్యము. మునుపటి అయ్యగారి కాలములో తీసుకొన్నారే, మీరెందుకు అడుగరు, నా చేతి బియ్యము దేవునికి పనికిరాదా అని నిలదీసెను. మాకు జవాబు దొరకలేదు. దయ అని మేము పేరు పెట్టుకొన్నది ఆమెకు తృణీకారముగా కనబడెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరుసటి ఆదివారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొంటిమి. పిడికెడు బియ్యపు కుండలు తిరిగి వచ్చెను. కప్పు పని సగమే ముగిసినది. మిగిలిన సగమునకు ఇంకను ప్రార్థించుచున్నాము. అయినను వాన కురియునప్పుడు మనుష్యులు పైకి చూచి, అది మన కప్పు అని అనుకొనుచున్నారు.

కావున ప్రియులారా, రెండు సంగతులు. ఇచ్చువారితో: కలిమి వచ్చువరకు ఆగవద్దు. మనకున్నదంతయు ప్రభువుదే, మనము గృహనిర్వాహకులము మాత్రమే. మొదటి పిడికెడు తీసిపెట్టుడి. మిగిలినది పెట్టుట కాదు. పుచ్చుకొను కాపరులతోను పెద్దలతోను: ఆ పిడికెడు ఎవరి కడుపు కట్టుకొని వచ్చినదో మరువవద్దు. పౌలు ప్రభువు దృష్టియందు మాత్రమే గాక మనుష్యుల దృష్టియందును యోగ్యముగా ఉండునట్లు కానుకల విషయమై జాగ్రత్తపడెను. లెక్కను నెలనెల సంఘము ఎదుట చదివి వినిపించుడి. విధవరాలి కాసులను చూచిన ప్రభువు కానుకల పెట్టె యెదుట ఇంకను కూర్చుండియున్నాడు. ఆయన ఇచ్చువారి చేతిని చూచుచున్నాడు. లెక్కించువారి చేతిని కూడ చూచుచున్నాడు.

ప్రార్థన: ప్రభువా, బీదలను గౌరవింప మాకు నేర్పుము. మా చేతులను తెరువుము. మాకు అప్పగింపబడిన దానియందు మమ్మును నమ్మకమైనవారిగా కాపాడుము. ఆమేన్.