నల్లజాతి పుస్తకాలకు ఇల్లు కట్టిన గుమస్తా: ఆర్టురో షాంబర్గ్

జాతి వివక్షను అర్థం చేసుకోవాలంటే ఏం చదవాలని విద్యార్థి సంఘాల మిత్రులు అడిగినప్పుడల్లా నల్లజాతి రచయితల పుస్తకాలతో మొదలుపెట్టమని చెబుతుంటాం. వివక్షను మోసినవాళ్ల మాట వినకుండా దాని మీద రాసిన సిద్ధాంతాలు ఎన్ని చదివినా విషయం సగమే తెలుస్తుంది. అయితే ఆ పుస్తకాలు మన దాకా వాటంతట అవి రాలేదు. ఎవరో వెతికారు, కొన్నారు, చెదలు పట్టకుండా దాచారు. అలా దాచినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఆర్టురో అల్ఫోన్సో షాంబర్గ్. ఆయన ప్రొఫెసర్ కాదు. కాలేజీ డిగ్రీ కూడా లేదు. బ్యాంకులో ఉత్తరాల విభాగంలో పనిచేసిన గుమస్తా.

షాంబర్గ్ 1874 జనవరి 24న ప్యూర్టోరికోలో పుట్టారు. అప్పుడది స్పెయిన్ వలస. అక్కడ బానిసత్వాన్ని రద్దు చేసి ఏడాది కూడా కాలేదు. తల్లి సెయింట్ క్రాయ్ దీవికి చెందిన నల్లజాతి మహిళ. తండ్రిది జర్మన్ మూలాలున్న కుటుంబం. చిన్నప్పుడు బడిలో ఒక టీచర్ నల్లవాళ్లకు చరిత్ర లేదని, వాళ్లలో గొప్పవాళ్లు లేరని అన్నారని, ఆ మాటే ఆయన్ని జీవితాంతం పుస్తకాల వేటలో పెట్టిందని చెబుతారు. మన బడుల్లో ఇలాంటి మాటలు విన్నవాళ్లకు ఆ పిల్లవాడి మనసు ఎంత కుమిలి ఉంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

17 ఏళ్ల వయసులో, 1891లో న్యూయార్క్ చేరారు. స్పెయిన్ నుంచి క్యూబా, ప్యూర్టోరికోల విముక్తి కోరుతూ 1892లో పెట్టిన లాస్ దోస్ ఆంతియాస్ అనే సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1898 యుద్ధం తర్వాత ప్యూర్టోరికో స్వతంత్రం కాలేదు, స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వెళ్లింది. ఆ తర్వాత ఆయన దృష్టి అమెరికాలోని నల్లజాతి ప్రజల చరిత్ర మీదికి మళ్లింది. 1906లో బ్యాంకర్స్ ట్రస్ట్ కంపెనీలో చేరి 1929 దాకా అక్కడే పనిచేశారు. పగలు ఉద్యోగం, మిగిలిన టైమంతా పాత పుస్తకాల షాపులు, దూరదేశాల వ్యాపారులకు ఉత్తరాలు. బ్రూక్లిన్‌లోని ఇల్లు పుస్తకాలతో నిండిపోయింది. బానిసగా పుట్టి పాత్రికేయుడిగా ఎదిగిన జాన్ ఎడ్వర్డ్ బ్రూస్‌తో కలిసి 1911లో నీగ్రో సొసైటీ ఫర్ హిస్టారికల్ రీసెర్చ్‌ను స్థాపించారు.

ఆయన ఏం సేకరించారో చూస్తే ఆయన ఆలోచన తెలుస్తుంది. ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకాన్నే తీసుకుందాం. ఆఫ్రికాలో ఎత్తుకొచ్చి 1761లో బోస్టన్‌లో అమ్మేసిన పసిపిల్ల ఆమె. 1773లో ఆమె పుస్తకం లండన్‌లో అచ్చయింది. అందులో కవితల కంటే ముందు ఒక ధ్రువీకరణ పత్రం ఉంటుంది. ఈ కవితలు ఈ నల్లపిల్లే రాసిందని నమ్మవచ్చని చెబుతూ బోస్టన్‌లోని 18 మంది పెద్దమనుషులు ఇచ్చిన సాక్ష్యమది. వాళ్లలో గవర్నర్ ఉన్నాడు, ఆమె యజమానీ ఉన్నాడు. ఆ తర్వాత థామస్ జెఫర్సన్ ఆమె కవిత్వాన్ని తీసిపారేశాడు. ఆమె కవితల్లో ఎక్కువ భాగం దైవభక్తి గురించీ, మరణించినవారి గురించీ ఉంటాయి. అయినా ఆ ఒక్క పేజీ చూస్తే జాతి వివక్ష ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది. రాసే హక్కును కాదనడం ఒక పద్ధతి. రాసింది నీదేనా అని సాక్షులను అడగడం ఇంకో పద్ధతి. రిజర్వేషన్ సీటులో చేరి మంచి మార్కులు తెచ్చుకున్న మన పిల్లలకు ఈ రెండో పద్ధతి బాగా తెలుసు.

షాంబర్గ్ బెంజమిన్ బన్నేకర్ పంచాంగాలను కూడా సేకరించారు. బన్నేకర్ మేరీల్యాండ్‌కు చెందిన నల్లజాతి ఖగోళ గణితకారుడు. స్వేచ్ఛ గురించి రాసిన చేతులతోనే బానిసలను ఉంచుకున్నావేమని 1791లో జెఫర్సన్‌ను ఉత్తరం రాసి నిలదీశాడు. కవిత్వం, గణితం, మతం, తిరుగుబాటు, చిత్రకళ దేన్నీ షాంబర్గ్ వదల్లేదు. బాధల కథలు మాత్రమే చదివితే బాధే ఆ ప్రజల చరిత్ర అనుకుంటాం. వాళ్లు చేసిన పనులన్నీ చదివితే వివక్ష వేటిని కనబడకుండా చేసిందో తెలుస్తుంది.

1913లో నల్లజాతి ఉపాధ్యాయుల ముందు మాట్లాడుతూ బడుల్లో, కాలేజీల్లో నల్లజాతి చరిత్రకు ప్రత్యేక ఆచార్య పీఠం కావాలని కోరారు. 1916లో అమెరికన్ నల్లజాతి కవిత్వ పుస్తకాల జాబితాను అచ్చువేశారు. 1925లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో నల్లజాతి తన గతాన్ని తవ్వి తీసుకుంటేనే భవిష్యత్తును కట్టుకోగలదని వాదించారు. అయితే గొప్పలు పోవద్దని, ప్రతి మాటకూ పత్రం చూపించాలని కూడా తనవాళ్లనే హెచ్చరించారు. పరిశోధకులుగా మాకు ఆయనలో ఎక్కువగా నచ్చేది ఈ క్రమశిక్షణే.

1926లో కార్నెగీ కార్పొరేషన్ 10,000 డాలర్లిచ్చి ఆయన సేకరణను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి కొనిపెట్టింది. సుమారు 5,000 పుస్తకాలు, 3,000 రాతప్రతులు హార్లెమ్‌లోని 135వ వీధి గ్రంథాలయానికి చేరాయి. అదే ఏడాది ఆయన యూరప్ వెళ్లారు. వెలాస్కెత్ అనే చిత్రకారుడి దగ్గర బానిసగా ఉండి తానే చిత్రకారుడైన హువాన్ దె పరేహా ఆనవాళ్ల కోసం స్పెయిన్‌లో వెతికారు. 1932 నుంచి 1938లో చనిపోయేదాకా తన పుస్తకాలకు తానే క్యూరేటర్‌గా ఉన్నారు. హార్లెమ్‌లో పేద కుటుంబంలో పెరిగిన జేమ్స్ బాల్డ్విన్ కుర్రవాడిగా చదువుకున్నది ఆ గ్రంథాలయంలోనే. 1940లో ఆ సేకరణకు షాంబర్గ్ పేరు పెట్టారు. నేడది ప్రపంచంలోని పరిశోధకులందరూ వెళ్లే కేంద్రం.

1913 నుంచి 1916 వరకు బాబాసాహెబ్ అంబేద్కర్ చదివిన కొలంబియా విశ్వవిద్యాలయం హార్లెమ్ పక్కనే ఉంది. అదే నగరంలో షాంబర్గ్ తన జీతంతో పుస్తకాలు కొంటున్న రోజులవి. తర్వాత బాబాసాహెబ్ బొంబాయిలో రాజగృహను తన పుస్తకాలను దృష్టిలో పెట్టుకునే కట్టించారు. చరిత్ర లేదని అనిపించుకున్న ప్రజల్లోంచి వచ్చిన ఈ ఇద్దరూ పుస్తకాన్ని అలంకారంగా చూడలేదు, ఆధారంగా చూశారు.

మన దగ్గర ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ నడిపిన పత్రికల పాత సంచికలు, వాడల్లో పాడుకున్న పాటల పుస్తకాలు, సంఘాల కరపత్రాలు, హాస్టల్ విద్యార్థులు తెచ్చిన చిన్న పత్రికలు ఎవరి అటక మీదో, ఏ ట్రంకుపెట్టెలోనో ఉంటాయి. వాటిని దాచిన తరం వెళ్లిపోతోంది. నల్లజాతి రచయితలను చదవండి. చదువుతూనే ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు తాతనో, పెద్దమ్మనో అడిగి ఆ పెట్టె ఒకసారి తెరిపించండి. దొరికిన ప్రతి కాగితం మీద తేదీ, ఊరు, రాసినవారి పేరు నమోదు చేయండి. షాంబర్గ్ కూడా అలా ఒక్కో పుస్తకంతోనే మొదలుపెట్టారు.