యువరాజు ఎడమ కాలు

రష్యా యువరాజు అలెక్సీ పేరు చెబితే చాలామందికి రాస్‌పుతిన్ గుర్తొస్తాడు. హీమోఫీలియా పిల్లల్ని చూసే మాలాంటి డాక్టర్లకు మాత్రం ఆ పిల్లాడి ఎడమ కాలు గుర్తొస్తుంది. 1912లో పొట్ట మీదికి ముడుచుకుపోయిన ఆ కాలు మళ్లీ తిన్నగా రావడానికి దాదాపు ఏడాది పట్టింది.

జార్ రెండో నికొలస్, అలెగ్జాండ్రా దంపతులకు వరసగా నలుగురు ఆడపిల్లలు. ఆ తర్వాత 1904 ఆగస్టులో అలెక్సీ పుట్టాడు. సుమారు ఆరు వారాల వయసులో బొడ్డు నుంచి రక్తం కారడం మొదలై ఓ పట్టాన ఆగలేదు. తల్లికి ఈ జబ్బు కొత్తది కాదు. ఆమె తమ్ముడు... కాదు, ఆమె కంటే పెద్దవాడైన అన్న ఫ్రెడరిక్ రెండేళ్లప్పుడు కిటికీలోంచి పడి, రక్తస్రావంతో 1873లో పోయాడు. మేనమామ లియోపోల్డ్ 1884లో కాలుజారి పడి మరణించాడు. ఆమె అమ్మమ్మ బ్రిటన్ రాణి విక్టోరియా. లోపం ఉన్న జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి సాధారణంగా ఆడవాళ్లు వాహకులవుతారు, మగపిల్లలు జబ్బు పడతారు.

1912 శరత్కాలంలో రాజకుటుంబం పోలండ్ ప్రాంతంలోని వేట విడిదులకు వెళ్లింది. పడవలోకి దూకబోయి ఎనిమిదేళ్ల అలెక్సీ తొడకు దెబ్బ తగిలించుకున్నాడు. కొన్నాళ్లు పడుకోబెడితే తగ్గినట్టే కనిపించింది. తర్వాత స్పావా అనే ఊళ్లో తల్లి అతన్ని బండిలో షికారుకు తీసుకెళ్లింది. గతుకుల దారి. ఆ కుదుపులకు తొడలో, పొత్తికడుపులో నొప్పి మొదలై, ఇంటికొచ్చేసరికి పిల్లాడు స్పృహ తప్పేలా ఉన్నాడు.

లోపల జరిగింది ఇదీ. నడుము దగ్గరి వెన్నుపూసల నుంచి తొడ ఎముక దాకా సోయాస్ అనే పెద్ద కండరం ఉంటుంది. తొడను పైకి వంచేది అదే. అందులో రక్తం చేరితే కండరం ఉబ్బుతుంది. కాలు చాపితే ప్రాణం పోయినంత నొప్పి, ముడిస్తే కాస్త ఉపశమనం. అందుకే పిల్లలు కాలు ముడుచుకునే పడుకుంటారు. పక్కనే వెళ్లే నరం నలిగితే తొడ ముందు భాగం మొద్దుబారుతుంది. చేరిన రక్తానికి కండరం వాచి, వేడెక్కి, జ్వరం కూడా వస్తుంది. అలెక్సీకి 39 డిగ్రీలు దాటింది. ఈ వాపు, జ్వరం చూసి ఇన్ఫెక్షన్ అనుకోవడం తేలిక. కుడివైపు వస్తే అపెండిసైటిస్ అనుకుంటారు. రక్తం త్వరగా ఆగకపోతే కండరం గట్టిపడి, కాలు వంగిన చోటే బిగుసుకుపోతుంది.

డాక్టర్లు చాలామందే ఉన్నారు, చేతిలో మందే లేదు. మతాచారం ప్రకారం అంతిమ సంస్కారపు ప్రార్థనలు కూడా జరిపించారు. అప్పుడే రాస్‌పుతిన్ టెలిగ్రామ్ వచ్చింది, పిల్లాడు కోలుకోవడం మొదలైంది. రాణి దాన్ని మహిమే అని నమ్మింది. నా మటుకు నాకు, కండరం చుట్టూ ఉన్న పొరలో రక్తం నిండి, ఆ ఒత్తిడికే రక్తస్రావం ఆగి ఉంటుందనిపిస్తుంది. ఆ తల్లి స్థానంలో ఉంటే ఎవరు మాత్రం నమ్మరు?

యువరాజు ఆరోగ్యం బాలేదని ప్రజలకు ప్రకటించారు గానీ జబ్బు పేరు చెప్పలేదు. ఆ గుట్టు మన ఇళ్లలోనూ చూస్తుంటాను. ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందేమోనని మేనమామ జబ్బు సంగతి దాస్తారు. చివరికి ఆమె కొడుకు కాలు ముడుచుకుని మంచం పడితే బెణుకు అనుకుని నూనె రాసి మర్దన చేయిస్తారు, నొప్పికి పిరుదులో సూదిమందు వేయిస్తారు. ఈ రెండూ రక్తస్రావాన్ని పెంచేవే. ఆస్పిరిన్ కూడా వద్దు. జబ్బు ఉందని తెలిసిన పిల్లాడికి తొడలో, గజ్జలో నొప్పి వస్తే ముందు ఫ్యాక్టర్ ఎక్కించాలి, స్కాన్ తర్వాత. నొప్పి పోయాక కూడా పూర్తిగా మానేదాకా విశ్రాంతి, ఆపైన నెమ్మదిగా ఫిజియోథెరపీ. తొందరపడి నడిపిస్తే మళ్లీ రక్తం చేరుతుంది.

అలెక్సీ కాలిని ఇనుప పట్టీలతో కొద్దికొద్దిగా చాపించారు. 1917 మార్చిలో గద్దె దిగేముందు నికొలస్ ఆస్థాన వైద్యుణ్ణి కొడుకు జబ్బు గురించి అడిగాడు. నయం కాదని తెలిశాక, తనతోపాటు కొడుకు హక్కునూ వదులుకున్నాడు. 1918లో తొబోల్స్క్ నిర్బంధంలో అలెక్సీకి మళ్లీ గజ్జలో రక్తస్రావమైంది. ఆ తర్వాత అతను సరిగ్గా నడవనేలేదు. జూలై 17న యెకాతెరిన్‌బర్గ్‌లో కుటుంబమంతటినీ కాల్చి చంపారు. పద్నాలుగో పుట్టినరోజుకు ఇంకా కొన్ని వారాలుంది.

అతని ఎముకలు 2007లో దొరికాయి. 2009లో వెలువడిన జన్యు పరీక్షల ఫలితాల్లో అది హీమోఫీలియా-బి, అంటే తొమ్మిదో ఫ్యాక్టర్ లోపమని తేలింది. ఆ ఫ్యాక్టర్ ఇప్పుడు చిన్న సీసాలో పొడిగా దొరుకుతుంది, నీటిలో కలిపి నరానికి ఎక్కించడానికి కొద్ది నిమిషాలు చాలు.