చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు

తిరుపతి వేంకట కవులనగానే మన పల్లెలలో ముందుగా జ్ఞప్తికి వచ్చునవి పాండవోద్యోగ విజయముల పద్యములు. అక్షరము రానివారు సైతము వానిని రాగము దీసి పాడుదురు. ఆ పేరు ఇద్దరిదని నాకు చిన్ననాట దెలియదు.

ఆ ఇద్దరిలో పెద్దవారు వేంకటశాస్త్రిగారు. 1870లో గోదావరి సీమయందలి కడియమున జన్మించిరి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరము దాపున యండగండియందు బుట్టిరి. ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. వినాయకచవితి చందాలకై కలిసి తిరుగుటతో స్నేహము ముదిరినది. తిరుపతిశాస్త్రిగారు ఏకసంథాగ్రాహి; వేంకటశాస్త్రిగారు లోకజ్ఞులు, మాటనేర్పరులు. అయినను జంటపేరున చిన్నవారి పేరే ముందు. తిరుమలేశుని నామమట్లు కుదురుట కారణము కావచ్చును గాని, వెనుక నిలుచుటకు బెద్దవారు సమ్మతింపవలెను గదా!

శతావధానములు చేయుచు ఆంధ్రదేశమెల్ల దిరిగిన ఆ కవులు మన సీమకును వచ్చిరి. నిజాము రాజ్యమున నుండియు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు తెలుగు, సంస్కృత పండితులను బరీక్షించి సత్కరించుచుండెను. గద్వాలకు విద్వద్గద్వాలయని పేరు. అచ్చట నెగ్గుట సులభము గాదు. ఓడించినవారుండిన దీసివేయుదుమని మీసములు పెంచిన ధీరులు గనుక వెఱవలేదు. ఈ సంస్థానములలో జెప్పిన పద్యములు నానారాజ సందర్శనమున జేరినవి.

1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిరి.

నేను గ్రామలెక్కలు వ్రాయువాడను. పట్టాదారు పోయిన నాతని పేరు కొట్టి విరాసతు వ్రాయుట మా వృత్తి. వేంకటశాస్త్రిగారు ఆ కొట్టివేతకు ఒప్పుకొనలేదు. తానొక్కరే రచించిన పద్యకృతులను సైతము జంటపేరుననే ప్రకటించిరి. ఏ పద్యమెవరిదని తరచువారికి పంపకపు లెక్క చిక్కలేదు. లెక్కలవానిగా నాకది తప్పు పద్దే. చదువరిగా దానిని దిద్దుటకు జేయి రాదు.

బందరు హిందూ ఉన్నత పాఠశాలయందు వారు బోధకులు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు గారలు వారి శిష్యులు. 1949లో మద్రాసు ప్రభుత్వమునకు ఆస్థానకవియై, 1950 ఫిబ్రవరిలో పరమపదించిరి.

మన గ్రంథాలయపు ఉద్యోగవిజయముల ప్రతికి అట్ట చినిగినప్పుడు పేరుచీటీ నేనే వ్రాసి యంటించితిని. చీటీ చిన్నది. అక్షరములు కుదించితినే గాని రెండు పేర్లలో నొకటి విడువలేదు.