ఇయాన్ మర్డాక్ – జీవిత విశేషాలు

మొయినాబాదు నుండి చేవెళ్ల వరకు రహదారికి ఇరువైపులా ఉన్న మర్రిచెట్లను మనం నిత్యం చూస్తున్నాము. వాటిని నాటినవారి పేర్లు మనకు తెలియవు. నీడను మాత్రం అనుభవిస్తున్నాము. కంప్యూటరు విద్యలోనూ ఇటువంటి నీడనిచ్చిన వారున్నారు. వారిలో ఇయాన్ మర్డాక్ ఒకరు.

ఆయన 1973 ఏప్రిల్ 28న జర్మనీలోని కాన్‌స్టాంజ్ నగరంలో జన్మించారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విద్యనభ్యసించారు. 1991లో ఫిన్‌లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించారు. అయితే అది కెర్నెల్ అనబడే మూలభాగం మాత్రమే. తక్కిన ఉపకరణాలన్నీ విడిగా కూర్చుకోవలసి వచ్చేది. ఒక సాఫ్ట్‌వేరు పనిచేయుటకు మరొకటి, దానికి వేరొకటి అవసరమయ్యేవి. ఒక్కటి లోపించినా పడిన శ్రమ వృథా అయ్యేది. కొందరు కూర్చి అందించినవి సైతం లోపభూయిష్టంగా ఉండేవి.

ఈ ఇబ్బందికి విసిగినవారు అనేకులు. ఇరవై ఏండ్ల మర్డాక్ విసుగుతో ఆగిపోక, 1993 ఆగస్టు 16న డెబియన్ అను సంకల్పాన్ని ప్రకటించారు. తన స్నేహితురాలు డెబ్రా పేరును తన పేరుతో జోడించి ఆ నామకరణం గావించారు. ఆసక్తి గల ప్రతివారూ ఒక్కొక్క భాగానికి బాధ్యత వహించి, అందరి ఎదుట బహిరంగంగా దానిని నిర్మించాలన్నది ఆయన ఆశయం.

1994లో రూపుదిద్దుకొన్న డీపీకేజీ అను సాధనం ఈ ఆశయానికి వెన్నెముక. తొలి రూపం మర్డాక్ రచించినదే. పిదప ఇయాన్ జాక్సన్ మున్నగువారు దానిని పటిష్ఠపరచారు. ప్రతి సాఫ్ట్‌వేరును ప్యాకేజీ, అనగా ఒక మూటగా కట్టి, దానికి అవసరమైన ఇతర మూటల పట్టికను అందులోనే చేర్చుట ఇందలి కిటుకు. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ ఆ పట్టికను చదివి, కావలసినవన్నీ తానే తెప్పిస్తుంది. తెరపై 'ఆప్ట్ ఇన్‌స్టాల్' అని, పక్కన సాఫ్ట్‌వేరు పేరు టైపు చేస్తే చాలు. మూటలన్నీ దిగి, అసలువో కావో సరిచూడబడి, తమ తమ స్థానాలలో అమరుతాయి.

1996లో మర్డాక్ డెబియన్ నాయకత్వాన్ని బ్రూస్ పెరెన్స్‌కు అప్పగించారు. తాను స్థాపించినదానిని ఇతరుల చేతిలో పెట్టి తప్పుకొనుట అందరికీ సాధ్యం కాదు. తరువాత ప్రోజెనీ సంస్థను నెలకొల్పారు. 2007లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేరారు. చివరగా డాకర్ సంస్థలో పనిచేశారు. 2015 డిసెంబరు 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో, 42 ఏండ్ల వయస్సులోనే, విషాదకర పరిస్థితులలో కన్నుమూశారు. 2017లో వెలువడిన డెబియన్ 9ను ఆయన స్మృతికి అంకితం చేశారు. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా మూటలున్నాయి.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో రూపొందించిన ఆపరేటింగు వ్యవస్థకు పునాది డెబియనే. ఉర్దూ, తెలుగు మాధ్యమాల నుండి వచ్చిన మాలో పలువురికి వేల రూపాయలు వెచ్చించి సాఫ్ట్‌వేరు కొనే స్తోమత లేదు. దొంగ ప్రతులతో పని గడుపుకొనుట అలవాటైనది. తప్పని తెలిసియే చేస్తున్నాము. ఆ సిగ్గు మనకు అక్కరలేదని మర్డాక్ జీవితం తెలుపుతున్నది. అయితే తీసుకొనుటతోనే ఆగరాదు. ఒక్క మూట బాధ్యతనైనా, ఒక్క పుట అనువాదాన్నైనా మనం చేపట్టాలి. నీడలో నడిచినవారు ఒక మొక్క నాటుట న్యాయం కదా!