మగ్గాల ఖాతా గుమ్మంలో బాబాసాహెబ్

అమలాపురం పక్కనే బండారులంక. చేనేత చీరలకు పేరున్న ఊరు. అక్కడి నేత ఇళ్లల్లో మగ్గం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. కండెలు చుట్టడం తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. ఆ ఊరున్న జిల్లాకు ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అని పేరు. ఆ పేరు పెడతామన్నందుకు 2022 మే నెలలో అమలాపురంలో ఇళ్లు తగలబడిన సంగతి మనం మరిచిపోలేదు. పేరు మాత్రం నిలబడింది. కానీ ఆయనకూ మగ్గానికీ ఉన్న సంబంధం గురించి మన జయంతి సభల్లో ఎవరూ మాట్లాడరు. రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టి రాజ్యాంగం దగ్గరే ఆపేస్తాం.

నేత అనగానే దేవాంగులు, పద్మశాలీలే గుర్తొస్తారు. తెలుగు జిల్లాల్లో మాలలు కూడా ముతక బట్ట నేసేవారని ఇంగ్లీషు దొరల కాలపు పుస్తకాల్లో రాసి ఉంది. పొలం పని లేని రోజుల్లో వాడలో మగ్గం ఆడేది. ఆ బట్ట ఊళ్లోకి వెళ్లేది, నేసిన మనిషి మాత్రం ఊరి బయటే ఉండేవాడు. మిల్లు బట్ట వచ్చాక ఆ ముతక నేతకు గిరాకీ పోయింది. మగ్గం పోయినవాడికి మిగిలింది పాలేరుతనం, కూలి. మన వాడల్లో ఎవరి ముత్తాత నేసేవాడో చెప్పగలిగిన ఇళ్లు ఇప్పుడు ఎన్ని ఉంటాయి?

అంబేడ్కర్ పుట్టింది నేత ఇంట్లో కాదు. 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో, సైన్యంలో సుబేదారుగా పనిచేసిన రాంజీ సక్పాల్ ఇంట్లో పుట్టారు. అయితే ఆ ఇంటికి గురువు ఒక నేతగాడు. రాంజీ కబీరు పంథీ. కాశీలో మగ్గం మీద కూర్చుని కులాన్ని ప్రశ్నించిన జులాహా కబీరు పాటలు ఆ ఇంట్లో రోజూ వినిపించేవి. తర్వాతి రోజుల్లో అంబేడ్కర్ తన ముగ్గురు గురువుల్ని చెప్పుకున్నప్పుడు బుద్ధుడికీ ఫూలేకీ మధ్య కబీరును నిలబెట్టారు. రాంజీ తన పిల్లలకు ఇచ్చిన ఆస్తి అదే అనుకోవాలి, పొలం పుట్రా ఏమీ లేదు కనుక.

సతారా బడిలో ఆయనకు గుడ్డతో ఇంకో పాఠం దొరికింది. మిగతా పిల్లలతో కలిసి కూర్చోనివ్వరు. కింద వేసుకోవడానికి ఇంటి నుంచి ఒక గోనె ముక్క తెచ్చుకోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టుకోడు. అందుకని సాయంత్రం చుట్టి ఇంటికి తీసుకెళ్లి, పొద్దున మళ్లీ మోసుకురావాలి. మనుషుల్ని బట్టి గుడ్డకు మైల అంటుతుందని ఆ పిల్లవాడికి తెలిసింది అక్కడే.

తర్వాత రాంజీ కుటుంబాన్ని బొంబాయి తీసుకొచ్చారు. కాపురం మిల్లు కూలీలుండే పరేల్‌లో, ఒకే గది. రాత్రి రెండింటిదాకా తండ్రి మేలుకుని ఉండేవాడు. అప్పుడు కొడుకును లేపి చదువుకు కూర్చోబెట్టి, ఆ చోటులో తను నడుం వాల్చేవాడు. కొలంబియా, లండన్ చదువులూ డిగ్రీలూ అందరికీ తెలిసినవే. అవన్నీ అయ్యాక కూడా చాలా ఏళ్లు బారిస్టరు అంబేడ్కర్ పరేల్‌లోనే, ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్‌లో రెండు గదుల్లో కాపురమున్నారు. చుట్టూ మిల్లులు, మిల్లు మనుషులు. కనుక ఆ మిల్లుల లోపల ఏం జరుగుతోందో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేదు.

బొంబాయి మిల్లుల్లో అంటరాని కులాలవాళ్లకు పని దొరికేది. వడికే ఖాతాలో రింగు ఫ్రేముల దగ్గర దొరికేది, అక్కడ కూలి తక్కువ. మగ్గాల ఖాతాలో కూలి ఎక్కువ. అక్కడికి మాత్రం రానిచ్చేవారు కాదు. కారణం నాడె. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పేక నూలు కండె ఉంటుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టి, నాడె కన్నం దగ్గర నోరు పెట్టి, దారాన్ని పీల్చి బయటికి లాగాలి. ఒకే నాడెకు ఇద్దరు ముగ్గురి నోళ్లు తగులుతాయి. లాంకషైర్ మిల్లుల్లోనూ ఇదే పద్ధతి. అక్కడ దీనివల్ల రోగాలు అంటుకుంటాయని గొడవ పడ్డారు. మన దగ్గర కులం అంటుకుంటుందని గొడవ. అంటరానివాడి ఎంగిలి తగిలిన నాడెను నోట పెట్టుకోం అన్నది తోటి కార్మికులే. యూనియన్ సభ్యుల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు.

1928 ఏప్రిల్‌లో బొంబాయి మిల్లుల్లో సార్వత్రిక సమ్మె మొదలై ఆరు నెలలు సాగింది. మహద్ చెరువు నీళ్లు ముట్టుకుని అప్పటికి ఏడాది దాటింది. మనుస్మృతిని తగలబెట్టి కొన్ని నెలలే అయింది. సమ్మె నాయకుల ముందు అంబేడ్కర్ ఒక్క ప్రశ్న పెట్టారు. అందరి హక్కుల కోసం సమ్మె అంటున్నారు కదా, మగ్గాల ఖాతాలోకి మావాళ్లను రానివ్వాలన్న మాట మీ కోర్కెల్లో ఎందుకు లేదు? అది చేర్చకపోతే మావాళ్లను సమ్మెలోకి రావద్దని చెప్తానన్నారు. నాయకులు నసిగారు, చివరికి చేర్చారు. మిల్లు యజమానుల జవాబు ఏమిటంటే, ఇది అన్యాయమే కావచ్చు, చేసింది మాత్రం మేం కాదు అని. ఆ మాటలో నిజం ఉంది. అయితే కార్మికుల మధ్య ఆ గోడ ఉన్నందువల్ల లాభపడింది ఎవరన్నది వాళ్లు చెప్పలేదు.

కాగితం మీద కోర్కె రాసినంత మాత్రాన నాడె చేతికి రాలేదు. పదేళ్ల తర్వాత, 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అణగారిన కులాల రైల్వే కార్మికుల సభలోనూ ఆయన ఇదే సంగతి ఎత్తుకోవలసి వచ్చింది. కార్మికుడికి ఇద్దరు శత్రువులు, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అని చెప్పింది ఆ సభలోనే. ఆ ఏడాదే నవంబరులో పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒకరోజు సమ్మె నడిపారు. ఆయన్ని కార్మిక వ్యతిరేకి అనేవాళ్లు ఈ ఏడాదిని దాటవేస్తారు. ఆయనలో కార్మిక నాయకుడు లేడన్నట్టు మాట్లాడే మనవాళ్లూ దాటవేస్తారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మగ్గం దగ్గర చోటు కోసం అంత కొట్లాడిన మనిషి, రాట్నాన్ని మాత్రం ఒప్పుకోలేదు. గాంధీ రాట్నం చుట్టూ అల్లిన ఆర్థిక శాస్త్రాన్ని 1945లో వచ్చిన పుస్తకంలో గట్టిగా ఖండించారు. యంత్రం వద్దంటే పేదవాడు బతుకంతా చాకిరీలోనే గడపాలి, చదువుకోవడానికీ ఆలోచించడానికీ తీరిక దొరకదు అన్నది ఆయన వాదన. తాత చేసిన పనే మనవడు చేయాలనడం ఆయన దృష్టిలో సంప్రదాయం కాదు, పుట్టుకతో వేసిన సంకెల. కులం పనినే కాదు, పనిచేసేవాళ్లనూ ముక్కలు చేసిందని 1936లోనే రాశారు. నేయాలనుకున్నవాడిని లోపలికి రానివ్వాలి, వద్దనుకున్నవాడిని బయటికి పోనివ్వాలి. ఆయన అడిగింది ఈ రెండూ కలిపి. చేనేత వారసత్వం గురించి మురిపెంగా రాసే పత్రికలకు రెండోది రుచించదు. నూలు ధర పెరిగి, మజూరీ పెరగక, కొడుకును మగ్గం ఎక్కించనంటున్న నేత తండ్రికి మాత్రం వెంటనే అర్థమవుతుంది.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉంది. ఆ హోదాలోనే 1944లో మన కోస్తా జిల్లాల్లోనూ పర్యటించారు. ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గిన చట్ట సవరణ 1946 నాటిది. పరేల్ చాల్‌లో తెల్లారకుండానే మిల్లు కూతకు లేచి పరుగెత్తే ఇరుగుపొరుగుల మధ్య ఏళ్ల తరబడి బతికిన మనిషికి ఆ ఆరు గంటల విలువ తెలుసు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నారు. ఆ రోజు లక్షల మంది తెల్ల బట్టలు కట్టుకుని వచ్చారు. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 6న, ఢిల్లీలో కన్నుమూశారు. భౌతికకాయాన్ని బొంబాయికే తెచ్చారు. దహనం జరిగిన దాదర్ సముద్రపు ఒడ్డుకు పరేల్ మిల్లుల పేట ఎంతో దూరం కాదు.