రాయలవారు - దూరదేశపు వర్తకులు

హగరి సీమ తెలుగువారికి హంపి పరాయి ఊరు కాదు. చిరకాలము బళ్లారి జిల్లాలో ఉండి, 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో చేరిన ఆ ఊరి పేరు వినగానే మనకు శ్రీకృష్ణదేవరాయలు జ్ఞాపకము వస్తారు. ఆయన కవి అనీ, వీరుడనీ పిల్లలకు చెప్పుకొంటాము. వర్తకుని విలువ ఎరిగిన ప్రభువన్న సంగతి మాత్రము తరచు మరచిపోతాము.

1509లో ఆయన సింహాసనమెక్కే నాటికి ఉత్తరాన సుల్తానులు, తూర్పున గజపతులు పొంచి ఉన్నారు. ఆనాటి యుద్ధానికి ప్రాణము గుర్రము. మేలుజాతి గుర్రాలు దక్కను నేలమీద వృద్ధి కావు. అరేబియా నుండి, పారసీకపు హర్ముజు రేవు నుండి ఓడలమీద రావలసినదే. 1510లో పోర్చుగీసులు గోవాను పట్టుకొన్నారు. ఆ బేరము క్రమముగా వారి చేతిలోనికి పోయినది. ఇంతటి రాజ్యానికి బలము పరాయివారి ఓడలలో ఉన్నది! ఇదీ రాయలవారి చిక్కు.

ఆయన పోర్చుగీసులతో చెలిమి చేసినాడు. భట్కళ రేవు నుండి బియ్యము, చక్కెర, ఇనుము ఎగుమతి అయ్యేవి. గుర్రాలు, ముత్యాలు దిగుమతి అయ్యేవి. తన ఆముక్తమాల్యదలోని రాజనీతిలో ఈ అనుభవమునే చెప్పినాడు. రేవులను బాగు చేయవలెను. ఒడ్డు చేరిన పరదేశ నావికులను వారి వారికి తగినట్లు ఆదుకొనవలెను. ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, ఇళ్లు ఇచ్చి, కొలువులో మన్నించి, మంచి లాభము దక్కనీయవలెను. లేకున్న ఆ సరకు శత్రువు ఇంటికి చేరును. ఇదీ ఆయన నీతి.

ఫలితము నగరములో కనబడినది. ఆ కాలములో వచ్చిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు కెంపులు, వజ్రాలు, ముత్యాలు, వస్త్రాలు అమ్మే వీధులను చూచినాడు. బార్బోసా వ్రాతలను బట్టి చీనా పట్టుబట్టలు, మలబారు మిరియాలు కూడ అక్కడికి వచ్చేవి. ఏటా 13,000 హర్ముజు గుర్రాలను రాజు కొనేవాడని గుర్రాల వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. మేలైనవి తన శాలకు ఉంచుకొని, మిగిలినవి నాయకులకు ఇచ్చి సొమ్ము రాబట్టేవాడట. ఆ సొమ్ము చివరకు మన రైతు కష్టము నుండి రావలసినదే. వైభవాన్ని తలచేటప్పుడు ఈ మాట కూడ తలచవలెను.

1520లో రాయచూరు యుద్ధములో పోర్చుగీసు తుపాకీవారు కొందరు రాయల పక్షాన పోరాడినారు. చెలిమి అక్కరకు వచ్చినది. 1529లో రాయలు గతించినాడు. 1565 ఓటమితో నగరము కొల్లబోయినది. ఆ సంత పోగా గోవా వర్తకము కూడ దెబ్బతిన్నది. కొనేవాడు లేక అమ్మేవాడు నిలువలేడు గదా!

విరూపాక్షుని గుడి ఎదుట బజారు మండపాల రాతిస్తంభాలు నేటికీ నిలిచి ఉన్నవి. బ్రతుకుతెరువుకై సొంత ఊరు విడిచిన మనము ఈసారి సెలవులకు పోయినప్పుడు పిల్లలకు వాటిని చూపుదము. దూరము నుండి వచ్చినవానికి చోటిచ్చి, అతని లాభములో తన క్షేమమును చూచుకొన్న తెలుగు రాజు కథ చెప్పుదము.