వీరపత్ని, వీరమాత జిజాబాయి

మహారాష్ట్ర చరిత్రము చదివినవారికి జిజాబాయి పేరు క్రొత్తది కాదు. అయితే శివాజీ మహారాజు తల్లి యను ప్రసిద్ధిలో ఆమె జీవితమంతయు కలిసిపోయినది. బాలుని ఒడిలో కూర్చుండబెట్టుకొని రామాయణ భారత కథలు చెప్పు తల్లిగా పాఠ్యపుస్తకములు ఆమెను చూపును. అది నిజమే కావచ్చును. కాని ఆ కథలు చెప్పునాటికి ఆమె ఎంత దుఃఖమును దిగమ్రింగి యుండెనో తెలిసికొన్నగాని ఆ చిత్రము పూర్తి కాదు. ఆమె తల్లి యగుటకు ముందు ఒక సైనికుని భార్య. అదియును తనది కాని యుద్ధమును పరుల జీతమునకై చేయు సైనికుని భార్య.

1598లో విదర్భ ప్రాంతమందలి సింద్‌ఖేడులో జిజాబాయి జన్మించెను. తండ్రి లఖుజీ జాధవరావు. దేవగిరి నేలిన యాదవ ప్రభువుల సంతతివారమని ఆ కుటుంబమువారు చెప్పుకొనెడివారు. భోంస్లేలు నాటికి అంతటి పేరుగలవారు కారు. ఒక హోళీ పండుగనాడు మాలోజీ భోంస్లే కుమారుడగు శహాజీయు, చిన్నారి జిజాబాయియు రంగులు చల్లుకొనుచుండగా, జోడు బాగున్నదని లఖుజీ వేడుకకు అన్నాడట. మాలోజీ ఆ మాటను పట్టుకొని, వియ్యము స్థిరపడినదని పదిమందిలో ప్రకటించెనట. కథ ముచ్చటగానే యున్నది. ఆ రెండు కుటుంబముల నడుమ తరువాత జరిగినది మాత్రము ముచ్చటయైనది కాదు.

ఆనాటి దక్కను స్థితిని కొంచెము తలచుకొనవలెను. అహమ్మదునగరులో నిజాంషాహులు, బిజాపురములో ఆదిల్‌షాహులు, మన గోలకొండలో కుతుబ్‌షాహులు రాజ్యము చేయుచుండిరి. ఉత్తరము నుండి మొగలులు నానాటికి దిగివచ్చుచుండిరి. మరాఠా సర్దారులు తమ గుఱ్ఱపుదళములతో ఏదో యొక సుల్తాను కొలువులో చేరెడివారు. ప్రభువు అనుమానించినను, జాగీరు ఊడినను మరియొక కొలువునకు మారెడివారు. నేటి మిత్రుడు రేపటికి శత్రువు. ఇంటనున్న స్త్రీలకు ఈ మార్పులు వార్తలుగా తెలియవలసినదే కాని, వారినడిగి ఎవరును కొలువు మారలేదు.

1624లో అహమ్మదునగరు సమీపమున భాత్‌వాడి యుద్ధము జరిగెను. మాలిక్ అంబరు పక్షమున శహాజీ పోరాడెను. ఎదుటి మొగలు పక్షమున లఖుజీ జాధవరావు ఉండెను. శహాజీ తమ్ముడు శరీఫ్‌జీ ఆ యుద్ధములోనే నేలకొరిగెను. పుట్టినిల్లు ఒకవైపు, మెట్టినిల్లు మరియొకవైపు నిలిచిన ఆనాడు జిజాబాయి ఎవరి జయమును కోరవలెను?

అంతకంటె ఘోరము 1629లో జరిగెను. మొగలుల కొలువు విడిచి మరల నిజాంషాహి సుల్తానును ఆశ్రయించిన లఖుజీని, దౌలతాబాదు దర్బారునకు పిలిపించి, నిరాయుధుడై వచ్చినవానిని కుమారులతోడను మనుమనితోడను చంపించిరి. అప్పుడు శహాజీ ఆ సుల్తాను కొలువులోనే యుండెను. తండ్రిని చంపించిన ప్రభువు భర్తకు అన్నము పెట్టు ప్రభువు! శహాజీ ఆ కొలువును విడిచి కొంతకాలము మొగలుల పక్షమున చేరెను. అప్పటికి జిజాబాయి గర్భవతి. యుద్ధములో వెంట త్రిప్పుకొనుట క్షేమము కాదని జున్నరు సమీపమునగల శివనేరి దుర్గములో ఆమెను దాచి శహాజీ వెడలిపోయెను. అచ్చట 1630 ఫిబ్రవరి 19న శివాజీ జన్మించెను.

ఆ బాలుడు పుట్టిన యేటనే దక్కనును, గుజరాతును మహాక్షామము పట్టుకొని 1632 వరకును వదలలేదు. ఊళ్లు పాడుపడినవి. శహాజీ జాగీరుగు పుణెను బిజాపురము సేనలు అంతకుముందే కాల్చి, గాడిదలచే దున్నించినవని చెప్పుదురు. శహాజీ మరల నిజాంషాహి పక్షమునకు మరలి, ఒక పసివానిని సింహాసనముపై నుంచి కొన్నేండ్లు ఆ రాజ్యమును నిలబెట్ట యత్నించెను. 1636లో మొగలులు, బిజాపురమువారు ఏకమగుటచే మాహులి దుర్గమున లొంగిపోవలసి వచ్చెను. బిజాపురము కొలువులో చేర్చుకొనినవారు ఆయనను దూరముగా కర్ణాటక దండయాత్రకు పంపిరి. బెంగుళూరు ఆయన నివాసమయ్యెను. పెద్దకుమారుడు శంభాజీ తండ్రి వెంట నుండెను. జిజాబాయి చిన్నకుమారునితో పుణె చేరెను. నడుమ కొంతకాలము తల్లీకొడుకులు బెంగుళూరునకు వెళ్లి యుండిరి. కాని అది కాపురము కాలేదు, చూచివచ్చుట మాత్రమే యయ్యెను.

బెంగుళూరులో శహాజీకి తుకాబాయి యను మరియొక భార్య కలదు. ఆమె కుమారుడు ఏకోజీయే తరువాత తంజావూరును గెలిచినవాడు. తెలుగు సాహిత్యము చదువువారికి ఈ శాఖ పరాయిది కాదు. ఏకోజీ కొడుకు, తాత పేరే గల షాహజీ, తెలుగున యక్షగానములు రచించిన ప్రభువు. మన వాఙ్మయమునకు ఆ సవతి కడుపు చలవ చేసినది. జిజాబాయి పాలికి మాత్రము మిగిలినది పాడుపడిన పుణెయు, ఒక్క పిల్లవాడును.

ఆ పాడునేల మీదనే ఆమె పని మొదలయ్యెను. బంగారు కఱ్ఱు గల నాగలితో పుణెలో తొలిచాలు దున్నించెనని ప్రతీతి. గాడిదలు దున్నిన నేలపై జనులకు గల భయమును పోగొట్టుటకు అంతకంటె మంచి ఉపాయము లేదు. జాగీరు వ్యవహర్తయగు దాదాజీ కొండదేవుడు పారిపోయిన రైతులను రప్పించి, మొదటి యేండ్లలో శిస్తు తగ్గించి, పంటలను పాడుచేయు మృగములను చంపినవారికి బహుమానము లిచ్చి సేద్యమును నిలబెట్టెను. ఊరి తగవులను జిజాబాయి స్వయముగా విచారించి తీర్చెడిదని చెప్పుదురు. కత్తి చేతబట్టిన జిజాబాయిని నాటకములు, చలనచిత్రములు చూపినవి. విత్తనము చల్లించి, తగవు తీర్చి, శిస్తు లెక్క చూచిన జిజాబాయియే శివాజీకి నిజమైన గురువు. రాజ్యమనగా దండు మాత్రమే కాదని తండ్రివద్ద ఆ బాలుడు నేర్చుకొనగలిగి యుండెడివాడు కాడు.

శివాజీ బిజాపురము కోటలను ఒక్కొక్కటిగా పట్టుకొన నారంభించిన పిదప, 1648లో శహాజీని జింజి దాపున బిజాపురమువారు బంధించిరి. కొడుకు సాహసమునకు తండ్రి మెడమీద కత్తి నిలిచినది. మరుసటి యేట కొండాణా కోటను తిరిగి యిచ్చిన మీదటనే ఆయనకు విడుదల దొరకెను. ఈ కోట పేరు పాఠకులు గుర్తుంచుకొనవలెను. భర్త ప్రాణమునకు వెలగా పోయిన కోట యిది.

1654 ప్రాంతమున కనకగిరి ముట్టడిలో పెద్దకుమారుడు శంభాజీ మరణించెను. అఫ్జల్‌ఖాను కావలెనని సహాయము పంపలేదని మరాఠాలు నమ్మిరి. 1657లో శివాజీకి కుమారుడు కలుగగా, ఆ పోయినవాని పేరే అతనికి పెట్టిరి. రెండేండ్లకే కోడలు సయీబాయి కన్నుమూసెను. తల్లిలేని ఆ మనుమని పెంపకము అరువది దాటిన జిజాబాయిపై పడెను. అదే సంవత్సరము నవంబరు 10న ప్రతాపగఢము క్రింద శివాజీ అఫ్జల్‌ఖానును చంపెను. లోకమునకు అది ఒక రాజ్యపు గెలుపు. ఆ తల్లికి అందు మరియొక లెక్కయు తీరినది.

1664 జనవరిలో శివాజీ సూరతును కొల్లగొట్టెను. ఆ నెలలోనే కర్ణాటకమున హోదిగెరె వద్ద వేటలో గుఱ్ఱముపై నుండి పడి శహాజీ మృతుడయ్యెను. బ్రతికియుండగా ఎన్నో యేండ్లు దూరముననే యున్న భర్త కొఱకు జిజాబాయి సహగమనమునకు సిద్ధపడెను. శివాజీ కాళ్లపై బడి వేడుకొని మాన్పించెను. ఎట్టి మగనికైనను చితి నెక్కుట ధర్మమనుకొన్న కాలమది. ఆమె ఆ ధర్మమును విడిచి కొడుకు మాట వినినది. ఆ పిదప గడచిన పదియేండ్లను చూచినచో, మరాఠా రాజ్యమునకు ఆ నిర్ణయము ఏ కోటకంటెను తక్కువది కాదని తోచును.

ఏలయన, 1665లో పురందరు సంధిచే 23 కోటలు మొగలులకు పోయినవి. 1666 మార్చిలో శివాజీ తొమ్మిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని ఆగ్రాకు బయలుదేరునపుడు రాజ్యభారమును తల్లికే అప్పగించెను. మోరోపంతు మొదలగు మంత్రులు ఆమెకు తోడుగా నిలిచిరి. కొడుకును మనుమడును ఔరంగజేబు కావలిలో చిక్కిరని వార్త వచ్చెను. దర్బారునకు పిలిచి చంపుట యన నేమో ఆమె తండ్రి విషయమున ఎరిగినదే. అయినను మిగిలిన కోటలలో ఒక్కటియు చేజారలేదు. ఆగస్టు 17న శివాజీ తప్పించుకొని, సన్యాసి వేషమున ఇల్లు చేరి తల్లి పాదములంటగా ఆమె గుర్తుపట్టలేదని ఒక కథ కలదు. కథ యైనను కావచ్చును, కాని పండిన కథ.

పురందరు సంధిలో పోయిన కోటలలో కొండాణా ఒకటి. రాజగఢము నుండి కంటికి కనబడు ఆ కోటను తెచ్చిపెట్టుమని జిజాబాయి కొడుకు నడిగెనని పల్లెపాటలు చెప్పును. 1670 ఫిబ్రవరిలో తానాజీ మాలుసరే రాత్రివేళ కొండప్రక్కను ఎగబ్రాకి దానిని సాధించి, తాను అచ్చటనే ప్రాణము విడిచెను. ముదుసలి పంతమని ఆ కోరికను కొందరు భావింతురు. ఒకనాడు భర్త ప్రాణమునకు ఆ కోటనే ఇచ్చుకొనవలసివచ్చిన స్త్రీ కోరిక అది యని గ్రహించినచో అట్లు తోచదు.

ముసలితనమున రాయగఢము మీది చలిగాలి ఆమెకు పడకుండెను. కొండ అడుగున పాచాడు గ్రామములో శివాజీ ఆమెకు ఇల్లు కట్టించెను. 1674 జూన్ 6న రాయగఢముపై గాగాభట్టు శివాజీకి పట్టాభిషేకము చేసెను. ఇక భోంస్లే బిడ్డ ఎవరి కొలువునను సర్దారు కాడు, ఛత్రపతి. తండ్రి, అన్నదమ్ములు, మరది, పెద్దకొడుకు, భర్త పరుల కొలువులో గడపిన బ్రతుకులను చూచిన కన్నులు ఆ ఛత్రమును చూచినవి. జూన్ 17న పాచాడులో జిజాబాయి తుదిశ్వాస విడిచెను. పట్టాభిషేకమైన పండ్రెండుదినములైనను నిండలేదు. ముహూర్తదోషము వలననే ఇట్లు జరిగెనని కొందరు చెప్పుటచే, సెప్టెంబరులో తాంత్రిక విధిని రెండవమారు పట్టాభిషేకము జరిపిరి. ఆమె సమాధి నేటికిని పాచాడులో, రాయగఢము నెక్కు దారిప్రక్కనే యున్నది.